నైట్ హాల్టు

పదకొండేండ్లుగా ఆదోని నుంచి కర్నూలుకు
జనాన్ని దింపుతా ఉండేవాణ్ణి,
నేను మాత్రం ఏనాడూ ఊర్లోకి దిగలేదు.
నా దిగడమంతా బస్టాండు వరకే.
లెక్క అప్పజెప్పి, కాళ్ళు కడుక్కుని
గోడవైపు తిరిగి పండుకోవడం.

ఈసారి రెండు రోజుల సెలవు దొరికింది.
నాగవేణి నోటుబుక్కులో గీత కొట్టి రాసింది:
చూడాల్సినవి.
బురుజు. ఏరు. ఓర్వకల్లు రాళ్ళు.
గిడ్డుగాడు పక్కన లావుగా చేర్చినాడు: ఐస్‌క్రీం.
ఉరుకుందమ్మ ఏమీ చెప్పలేదు.
జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట గట్టి
"ఆ ఊర్లో అన్నీ పిరం" అనింది.

పాసు ఉన్నా బిడ్డ వినలేదు,
టికెట్టు కావాల్సిందే.
నా సీట్లో కూర్చున్న సుంకన్న నవ్వుకుంటా కొట్టిచ్చినాడు.
కోడుమూరు దాటేదాకా
నా చెయ్యి ఊరికే భుజం తడుముకుంటా ఉంది,
లేని సంచి కోసం.

కొండారెడ్డి బురుజు మెట్లు
బిడ్డ లెక్కకు ఒక తీరు, కొడుకు లెక్కకు ఇంకో తీరు.
పైన గాలి.
ఇక్కణ్ణుంచి ఏటికింద సొరంగం ఉందంట, అని
ఎవరో అంటుంటే విని
మూసిన ప్రతి తలుపుకూ చెవి ఆనించినాడు గిడ్డుగాడు.

తుంగభద్రలో నీళ్ళకంటే బండలే ఎక్కువ.
ఆ యేడు ఇదే ఏరు మిద్దెలెక్కింది అంటే
నాగవేణి నన్నూ ఏటినీ మార్చి మార్చి చూసింది,
ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారా అని.

ఓర్వకల్లులో ఉరుకుందమ్మ నోరు తెరిచింది.
"మన ఆదోని గుట్టలు దీనికి తీసిపోయినాయా?
రాళ్ళు చూడ్డానికి టికెట్టా?"
అయినా ఫోటోకు కొంగు సర్దుకుని నిలబడింది.

బస్సుకింకా గంటన్నర టైముంది.
"ఇంకేముంది నాయనా?"
నాకు తెలిసిన కర్నూలు అయిపోయింది.
"నువ్వు పండుకునేది యాడ?"

డిపో వెనక గది.
వాచ్‌మన్ ఖాజా బీడీ ఆర్పి,
"పగటిపూట ఎవరుంటారన్నా, చూపించుకో పో" అన్నాడు.

నడుమ కుంగిన నవారు మంచం.
గోడకొక మేకు, మేకు కింద
సంచి రాసుకుని రాసుకుని నల్లబడిన మరక.
గిడ్డుగాడు మంచమెక్కి
గోడవైపు తిరిగి పండుకున్నాడు,
ఎవరు చెప్పినారో వానికి.
నాగవేణి మేకును ఒక వేలితో తాకింది.
ఉరుకుందమ్మ తలగడ ఎత్తి వాసన చూసింది.
నేను కిటికీలోంచి బస్సులు చూస్తా నిలబడితి.
గలీబు ఊడదీసి, రొట్టెల గుడ్డలో చుట్టి,
"సోమవారానికి ఉతికింది ఇస్తాలే" అనింది,
అంతే.

తిరుగు బస్సులో పిల్ల అన్నిటికీ టిక్కులు పెట్టింది.
చివర ఇంకోటి రాస్తుంటే బస్సు ఎగిరి
అక్షరాలు పక్కకు జారినాయి.
చదవలేకపోతి. అడగనూ లేదు.
అప్పటికి చీకటి పడింది. బస్సు నిదానించింది.
"ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు దిగేవాళ్ళు!"
అరిచింది నేను కాదు,
సుంకన్న కూడా కాదు,
నా ఒళ్ళో నిద్రపోయినాడనుకున్న గిడ్డుగాడు.