బంగాళాదుంప

బితోమ్‌లో చలికాలం నాలుగింటికే చీకటి.
మూతపడ్డ గని చక్రం మీద మంచు.
సాయంత్రపు బడిలో పదకొండు మంది,
అందరికన్నా పెద్దవాడు జెఫ్లిక్.
అరవై రెండేళ్ళు. కోటు విప్పడు,
ముందు బల్ల వదలడు.

ఒక బంగాళాదుంపకు
నాలుగు అగ్గిపుల్లలు గుచ్చాను.
కొసలకు నాలుగు బఠాణీలు.
"ఇది కర్బనం. దీనికి నాలుగు చేతులు.
ఒక్క చెయ్యి ఖాళీగా ఉన్నా ఊరుకోదు,
ఎవరిదో ఒకరిది పట్టుకోవాల్సిందే."
తరగతి నవ్వింది.
"నాలుగూ హైడ్రోజన్లనే పట్టుకుంటే
పేరు మీథేన్."

జెఫ్లిక్ నవ్వలేదు.
లేచొచ్చి దుంపను అరచేతిలో పెట్టుకుని
అటూ ఇటూ తిప్పాడు.
"ఇంతేనా ఇది?"

ఎనిమిది వందల మీటర్ల లోతున
రంగు లేకుండా, వాసన లేకుండా వచ్చి
వాళ్ళన్న రుఫిన్‌ను
రొట్టె పొట్లం విప్పకముందే
తీసుకుపోయింది ఇదేనట.

సుద్దముక్క నా వేళ్ళ మధ్య చెమర్చింది.
దానికి పగ లేదు అనొచ్చు.
అబద్ధమూ కాదు.
అనలేదు.
"ఇంటికి తీసుకెళ్ళనా?" అన్నాడు.
తలూపాను.

మరుసటి వారం రెండు సీసాలు తెచ్చాను,
ఒకదాన్లో షాజీర వాసన, ఒకదాన్లో పుదీనా.
"రెండింట్లోనూ అవే పరమాణువులు,
అదే వరస, అవే కలయికలు.
ఒకటి కుడిచెయ్యైతే రెండోది ఎడమచెయ్యి.
ముక్కుకు తేడా తెలుసు."
మా వైపు రొట్టెల్లో షాజీర పడాల్సిందే,
అందరూ ఆ సీసానే ముందు పట్టుకున్నారు.

జెఫ్లిక్ తన తొడుగులు తీసి బల్లమీద పరిచాడు.
ఎడమదానికి రెండు వేళ్ళు లేవు,
అక్కడ నల్లదారంతో కుట్టు.
"మా ఆవిడ కుట్టింది. నా చేతులు
అద్దంలో కూడా కలవవు, టీచరుగారూ."
ఈసారి ముందు నవ్వింది అతనే.

గంట కొట్టాక, తలుపు దగ్గర, అడిగాను:
దుంప ఏమైంది?

"ఏమవుతుంది? ఉడకబెట్టుకు తిన్నాను.
ఉప్పు, కాస్త వెన్న."

మా ఊళ్ళో పొయ్యిలకు
గొట్టాల్లో వచ్చేదీ మీథేనే.
ఆ సంగతి నేను చెప్పబోయేలోగా
కోటు జేబు తడుముకున్నాడు.

"వెలిగించడానికి ఒక పుల్ల చాలింది.
మిగతా మూడూ ఇవిగో."