చేపకు చోటు

తలుపు తీయగానే కింగా ఫోను చూపించింది:
నలుపు కుళాయిలు, మెరుపు లేని నలుపు,
సిమెంటు రంగు పలకలు, మనిషెత్తువి,
గడప లేని షవరు, కప్పు నుంచి వాన.
"తొట్టి వద్దు. ఇప్పుడెవరూ పెట్టించుకోవడం లేదు."
నేను తల ఊపాను.
ఇరవై రెండేళ్ళుగా ఊపుతున్నాను.
ఊదా రంగు అన్నప్పుడూ ఊపాను,
అద్దాల మొజాయిక్ అన్నప్పుడూ,
గోడ మీద డాల్ఫిన్లు అన్నప్పుడూ.
ఆ డాల్ఫిన్లని అతికించిందీ నేనే, పీకిందీ నేనే.

బిటొమ్ ఊళ్ళో, పాత బొగ్గు గనుల మీద
కొద్దికొద్దిగా కుంగుతున్న భవనం, నాలుగో అంతస్తు.
స్నానాల గది ఎంతంటే
ఇద్దరు నిలబడితే ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత.
మూలమట్టం కుదిరే మూల ఒక్కటీ లేదు.
మట్టం బద్దలోని బుడగ
తప్పతాగినవాడిలా ఒక పక్కకే తూలుతుంది.

ఉలి పెట్టి కొట్టాను.
మట్టిరంగు పలకల కింద లేత ఆకుపచ్చవి,
వాటి కింద నూనె రంగు, దాని కింద
డెబ్భై నాలుగు నాటి పత్రిక ముక్క,
అందులో ఎవరో నవ్వుతూ రిబ్బను కోస్తున్నారు.
ఎవరికి వారు ఇదే ఆఖరు అనుకునే అతికించారు.

పోతయినుము తొట్టి. నూట ఇరవై కిలోలు.
నలుగురు మగవాళ్ళు, ఆరు బూతులు,
మూడో అంతస్తు మలుపులో గోడకొక దెబ్బ.
ఇదివరకు ఈ ఇంట్లో ఉన్నది గని కార్మికుడట.
గని స్నానశాలలో ఎంత తోముకున్నా
రెప్పల అంచున బొగ్గు మిగిలేదట,
కాటుక పెట్టిన పెళ్ళికొడుకులా వచ్చేవాడట ఇంటికి.
చెప్పింది కింది అంతస్తు తెయోఫిలా,
చప్పుడెప్పుడు ఆగుతుందని అడగడానికి వచ్చి,
ఆ సంగతే మరిచి, గుమ్మంలో గంటసేపు.
వెళ్తూ వెళ్తూ అంది: "మరి చేపనెక్కడ ఉంచుతారు?"

చేపంటే కార్ప్. క్రిస్మస్ ముందు
ప్రాణంతో తెచ్చి తొట్టిలో వదిలే చేప.
పిల్లలు దానికి పేరు పెడతారు, పెట్టొద్దన్నా.
ఆ రెండ్రోజులూ మా ఇంట్లో ఎవరికీ స్నానం లేదు.
మూడోరోజు మా అమ్మ సుత్తిని ఏప్రన్ చాటున దాచుకుని లోపలికి వెళ్ళేది,
మా నాన్న పొగ తాగాలంటూ బయటికి.

కింగా నవ్వింది. "కొట్లో ముక్కలు దొరుకుతాయి కదా."

తొట్టి ఉన్నచోట, నాలుగు పాదాల గుర్తుల నడుమ
ఊడుస్తుంటే దొరికాయి పొలుసులు,
ఎండి, వంకర తిరిగి, గోరంతవి, మూడు.
ఒకటి పర్సులో ఉంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదంటారు.
రెండు కిటికీ గట్టు మీద పెట్టాను.
ఒకటి నా పర్సులో వేసుకున్నాను. బిల్లులో రాయలేదు.

పదకొండు రోజులు. నేల కింద వేడి తీగలు,
మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు,
గోడ వారగా గీత గీసినట్టు తూము.
చెంబుడు నీళ్ళు పోసి చూపించాను:
ఒక్క చుక్క నిలవలేదు.
నా పనితనమంతా అదే, నీళ్ళని ఆగనివ్వకపోవడం.

డిసెంబరు ఇరవై రెండున ఫోను.
బాబాయి చెరువు నుంచి తెచ్చాడట,
బకెట్లో, తోక బయటికి, మూడు కిలోలు.
"ఆ తూముని... ఏదైనా గుడ్డ పెట్టి... మూయొచ్చా?"
వెనక ఒస్కార్ ఎవరినో "వద్దు, వద్దు" అంటున్నాడు.
చేపనేమో అనుకుంటాను.
"గుడ్డ పెడితే ఇల్లంతా చెరువే," అన్నాను,
"గడప వద్దన్నది మీరే.
కిందికి తీసుకెళ్ళండి."

తెయోఫిలా తొట్టి పసుపు రంగుది, పెచ్చులూడింది,
అంచు మోకాలికి పైన.
దాంట్లోకి కాలెత్తాలంటే ఆమెకిప్పుడు
ఒక కుర్చీ, గోడ మీద ఒక చెయ్యి, ఒక ప్రార్థన కావాలి.
సెప్టెంబరులోనే కొలతలు తీసుకున్నాను:
పట్టుకోను కడ్డీ, కూర్చోను బల్ల, జారని నేల.
కుళాయి నలుపుదే కావాలంది, పైన చూసొచ్చి.
అడ్వాన్సు కూడా ఇచ్చింది.

కింగా ఫోను కట్టెయ్యలేదు.
మెట్ల మీద అడుగులు, తలుపు, నీళ్ళ చప్పుడు,
ముగ్గురి మాటలు కలగాపులగంగా,
ఎవరో "పేరు పెట్టొద్దు" అంటున్నారు.
తరువాత తెయోఫిలా గొంతు దగ్గరగా వచ్చింది:
"జనవరిలో రా," అంది. కాస్త ఆగి,
"చివర్లో రా."