మూయకూడని తూటు

గుంతకల్లు, గుత్తి రోడ్డులో నా పంచరు షాపు.
ఇరవై రెండేండ్లుగా ఒకటే పని:
తూటు యాడుందో ఎతకడం, మూసేయడం.
ట్యూబును తొట్టిలో ముంచితే చాలు
బుడగలే లేచి చెప్తాయి
ఇదో ఈడ, ఇదో ఈడ అని.

జైబూకు చెవులు కుట్టించి తొమ్మిది దినాలు.
ఆచారి సూది పట్టుకున్నప్పుడు బిడ్డ ఏడవలేదు.
నేనే అంగడి బయటికొచ్చి
ఎవురిదో సైకిలు చక్రం ఒత్తి చూస్తా నిలబడినా
గాలి ఉందా లేదా అని.

కుడి చెవి బుద్ధిగా ఉంది.
ఎడమ తమ్మె మాత్రం పండు మిరపకాయ.
ఉబ్బి, మెరుస్తా, ముట్టుకోకముందే సుర్రుమంటా.
పొద్దున దిండు మీద పసుప్పచ్చ చుక్క
ఎండిన బంక మాదిరి.

తలా ఒక మాట.
పసుపూ కొబ్బరినూనె కలిపి పెట్టమనింది మా అమ్మ.
వేపపుల్ల దూర్చమన్నాడు టీ అంగడి ఓబులేసు,
వాని చెవికి పోగు లేదు, అయినా చెప్పినాడు.
దినామూ తిప్పాల, లేకుంటే కమ్మ అతుక్కపోతాది,
ఇది మాత్రం నా మాటే.
నేనే తిప్పినా.
రోజూ రాత్రి, షాపు మూసొచ్చి, అన్నానికి కూర్చోకముందే.
బిడ్డ పళ్ళు బిగబట్టేది.
అయిపాయె, అయిపాయె అనేవాణ్ణి.

ఖైరూన్‌ది రైల్వే ఆసుపత్రిలో ఊడ్చే పని, రాత్రి డ్యూటీ.
ఆదివారం తెల్లారి వచ్చి
చెవిని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది.
చెవి గురించి ఒక్క మాటా అనలేదు.
నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి విప్పింది.
గీతల్లో సొల్యూషను, గోళ్ళ కింద టైరు నలుపు,
రబ్బరు గీకిన పొడి.

"ఈ చేత్తోనేనా?"

ఏ తొట్టిలోనూ బుడగ లేవలేదు.
తప్పు యాడుందో తెలిసిపాయె.

వెనక సీల కూడా బిగుతుగుండాదని
అర చుట్టు వదులు చేసింది ఖైరూన్.
వాల్వు నట్టు ఎక్కువ బిగిస్తే రబ్బరు చీలుతాదని
ఊరందరికీ చెప్పేటోణ్ణి నేను.

అప్పట్నుంచి రాత్రి ఎనిమిదిన్నరకి
సబ్బు, మళ్ళ సబ్బు,
గోళ్ళకు పాత పళ్ళ బ్రష్షు.
కాగి చల్లారిన నీళ్ళు గ్లాసుడు, ఉప్పు పావు చెంచా.
ఉడికించిన తెల్లగుడ్డ ముంచి
తమ్మె మీద ఊరికే ఆనించి పట్టుకోవాల.
రుద్దొద్దు. తిప్పొద్దు. పసుపొద్దు.
ఎరుపు చెంపకు పాకినా, ఒళ్ళు కాలినా
ఆలోచన చెయ్యకుండా ఎత్తుకురమ్మనింది నర్సమ్మ.

ఒక రాత్రి కానిస్టేబులు తలుపు కొట్టినాడు,
బండి వెనక చక్రం కూర్చుండిపోయిందని.
చేతులు కడుక్కున్నా సార్, పది నిమిషాలు, అన్నా.
తాగినావా అన్నట్టు చూసినాడు.

బిడ్డ నిద్రలో ఎడమకు దొర్లుతాది.
చెయ్యి అడ్డం పెట్టబోయి
ఆగి,
మడిచిన తువ్వాలు జరుపుతా.
రెండు గంటల గూడ్సు పోయేదాకా అట్లనే కూర్చుంటా.
తూటు మూసుకోకుండా కాపలా కాసేది
నాకు అలవాటు లేని పని.

పదమూడో దినం, బడినుంచి వస్తానే
షాపులో తొట్టి ముందర గొంతుక్కూర్చుని
జడ పక్కకు తీసి
ఎడమ చెవిని నీళ్ళ మీదికి వంచింది.

"జైబూ!"
నా అరుపుకు లారీ క్లీనరు కూడా ఉలిక్కిపడినాడు.

"బుడగలొస్తాయేమో చూద్దామని, నాయనా."

చేతుల నిండా నలుపు.
వేళ్ళు గాల్లో ఎత్తిపట్టి
మోచేతులతో పొదివి ఎత్తుకున్నా.
బరువైంది ఈమధ్య.
ముఖానికి అంత దగ్గరగా ఆ తమ్మె,
ఎరుపు దిగి
ఎర్రగడ్డ లోపలి పొర రంగులో.

ఊదబోయినా. ఊదలేదు.
"దించు నాయనా, బీడీ వాసన" అనింది.