తూర్పు హద్దు

ఆదివారం. కోర్టు లేదు.
అయినా నల్లకోట్లు సంచుల్లో కుక్కి
కొత్తపేట బార్ నుంచి ఆరుగురం పంటు ఎక్కాం.
కోటు చూస్తేగానీ లంకలో నమ్మరని
సెక్రటరీ ఏసుపాదం గారి వాదన.

బడి వరండాలో బల్ల వేశాం.
వరదకి నానిన కాగితాల్ని
అప్పడాల్లా ఎండబెట్టి తెచ్చారు.
మరిడమ్మ పట్టాలో
తూర్పు హద్దు: గోదావరి.
ఇప్పుడు నాలుగు దిక్కులా అదే.
"నా అరెకరం ఏటడుగున ఉందమ్మా,
శిస్తు రసీదు మట్టుకు నా దగ్గరుంది."

ఏ సెక్షన్ కింద రాయను?
ఏసుపాదం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"భూమి పోయింది, హక్కు పోలేదు. రాయి" అన్నారు.
కాసేపాగి, నా చెవిలో,
"గెలుస్తామని మాత్రం చెప్పకు."

రాశాను. వేలిముద్ర సిరా
ఆమె చీర అంచుకీ నా కోటుకీ అంటింది.

తిరుగు పంటులో చందా పుస్తకం తీశారాయన,
పోయిన నెల చనిపోయిన
ప్లీడరు గుమాస్తా భార్య కోసం.
జేబులో చెయ్యి పెడితే యాభై నోటు,
చుట్ట చుట్టి, ఇంకా తడిగా.
వద్దంటున్నా మరిడమ్మ
కొంగుముడి విప్పి కుక్కిన ఫీజు.

"రసీదు ఎవరి పేరున?"
"మరిడమ్మ."
"ఇంటిపేరు?"

నీళ్ళ మధ్య
దరఖాస్తు మళ్ళీ విప్పి చూశాను.