అరగని దిక్కు

మూడు రోజుల సంది
కుడికాలు కిందికి పోయినప్పుడల్లా
టక్కుమంటున్నది.
పైడిలు అనుకున్న. చైన్ అనుకున్న.
నిన్న ములుగు రోడ్డు మీద
ఆరు జంపఖానాల మోపుతోటి ఎక్కుడెక్కుతుంటే
ఆ సప్పుడు నా మోకాలుదేమోనని
దిగి, ఉత్తగ రెండడుగులు నడిచి చూసుకున్న.

నాది కాదు.

పోచమ్మమైదాన్ మలుపుకాడ సర్వర్ చాచా
క్రాంకు పట్టుకొని అటొకసారి ఇటొకసారి ఊపిండు,
ఊగే పన్నును ఊపి చూసినట్టు.
"బీబీ పోయింది మార్కండా."

కాటర్ పిన్ను నాలుగు దెబ్బలకు రాలేదు.
ఐదో దెబ్బకు ముందు
నోట్లె బీడీ తీసి పక్కన పెట్టిండు.
అప్పుడొచ్చింది.

కప్పు విప్పంగనే గోలీలు పళ్లెంల రాలినయి.
ఒక్క దిక్కుకు పదకొండు ఉండాలెనట.
తొమ్మిదే ఉన్నయి.
తక్కిన రెండూ నల్లపిండై గ్రీజుల కలిసినయి.
ఎన్ని వానకాలాల బురదో అది,
నా మగ్గంగుంత దూది నుసి గూడ
కొంత ఉండొచ్చు.

గ్యాస్‌నూనెల కడిగి ఇరుసును ఎండకు పట్టిండు.
అమ్మవారు పోసిన మొఖం లెక్క
గుంటలు గుంటలు.

గోలీలు మార్చి గ్రీజు పెడితే అరవై.
దసరా దాక నడుస్తది, ఆ పైన నీ నసీబు.
ఇరుసు, కప్పులు అంత కొత్తదైతే రెండొందల ఎనభై.
"ఇంకోటొచ్చింది, సీలేసిన డబ్బా లెక్క.
దాన్ని విప్పనీకి రాదు.
పోయిన్నాడు పారేసుడే."
అని, దాని దిక్కు చూడకుంట
చేతులు తుడుసుకున్నడు.

రెండొందల ఎనభై అంటే
ఒకటిన్నర జంపఖానా కూలి.
భాగ్య పొద్దుగాల్నే అన్నది:
"కొత్తదేయించు. నడిమిట్ల ఇరిగితే
మోపు కింద నువ్వుంటవ్."
అదీ నిజమే.
మగ్గం మీద పోగు తెగితే ముడేస్తం.
ఇనుముకు ముడి యాడ పడ్తది?

ఇరవై రెండేండ్ల కింద కొన్న బండి.
సీటు రెండోది. రిమ్ములు మారినయి.
టైర్లు ఎన్నోవో యాదికి లేదు.
ఈ ఇరుసొక్కటే మొదటిది.
చీకట్ల, ఎవ్వరికి కండ్లపడకుంట
తొక్కుడంత దాని మీదనే.
"గిసొంటి ఇనుము ఇప్పుడు రాదు" అన్నడు చాచా.
ప్రతి మిస్త్రీ అనే మాటే అది.
అయినా ఇనబుద్ధయింది.

నేను ఎటూ చెప్పకపోయేసరికి
ఇరుసును వేళ్ల నడుమ మెల్లగ తిప్పిండు.
ఆగిండు.
కండ్లద్దాలు నొసటి మీదికెత్తి మల్ల తిప్పిండు.
"గుంటలు ఒక్క దిక్కే ఉన్నయిరా,
నువ్వు తొక్కితే బరువు పడే దిక్కు.
అవతల అద్దం."

నేనూ చూసిన.
అద్దమే.
ఇరవై రెండేండ్లు ఊకె ఎంట తిరిగింది గాని
పనిల పడలేదు.

జంపఖానా కొన్నోళ్లకు నేను చెప్పే మాటుంటది:
ఒక మొఖం వెలిస్తే తిర్లేసి పరుసుకోండ్రి,
లోపలి మొఖమని దీనికి లేదు.

"తిప్పి పెడ్తే?" అన్న.

చాచా నవ్వలేదు.
"పిన్నులు అవతలి నుంచి కొట్టాలె" అన్నడు
తనలో తాను. "పడ్తయి. ఎందుకు పడయి."
ఎన్నేండ్లొస్తదంటే
"నన్నడుగుతవేంది, దాన్నడుగు."

కొత్త గోలీలు ఇరవై రెండు
గ్రీజుల ఒక్కొక్కటి కూసోబెట్టిండు.
కప్పు బిగిచ్చిండు. ఊపిండు.
ఎంట్రుకవాసి వదులు చేసి
మల్ల ఊపిండు.

పైసలిచ్చి నాలుగడుగులు పోయినంక
ఎనుకకొచ్చి కొత్త ఇరుసు గూడ ఒకటి కొన్న.
ఎందుకని అడగలేదు.
నూనె కాగితంల చుట్టిచ్చిండు.
కొత్తది తెచ్చిన అని భాగ్యకు చెప్తే
అబద్ధమేం కాదు.

దేశాయిపేట దిక్కు మళ్లిన.
సప్పుడు లేదు.
కుడికాలు కిందికి పోయినప్పుడల్లా
ఇంకా చెవి పెడ్తనే ఉన్న.