నలభై ఏడో పేజీ

మంగళవారం యెల్ దీవికి పడవెక్కిస్తాను బండిని.
రెండు వేల పుస్తకాలు, కాళ్ల దగ్గరో హీటరు,
తడి గొడుగులకని పైవాళ్లిచ్చిన బకెట్టు.
షెట్లాండ్ గాలి సంగతి వాళ్లకేం తెలుసు!
ఇక్కడ గొడుగు తెరిచినవాడు
రెండోసారి తెరవడు.
బకెట్టులో బిస్కెట్లు పోశాను.

వచ్చేవాళ్లంతా హత్యలే అడుగుతారు.
నెత్తురు కనపడని, కడుపులో చల్ల కదలని హత్యలు.
రెండో అధ్యాయంలో శవం, మూడో అధ్యాయంలో కేకు,
చివర్లో పోలీసుకన్నా ముందు
పోస్టాఫీసావిడ పట్టేసే హంతకుడు.

చదివిందే మళ్లీ పట్టుకుపోకుండా
ఒక్కొక్కరిదీ ఒక్కో గుర్తు,
పెన్సిలుతో, నాకు తెలియదనుకుని.
ఓస్లాది ఇరవయ్యో పేజీలో రెండు చుక్కలు.
రొబైనాది అంకె కింద ఒక చేప.
పాదిరిగారి అక్క తన వయసున్న పేజీకి సున్నా చుడుతుంది;
మొన్న పుట్టినరోజుకి
ఎనభై నాలుగుకి జరిగింది.

నలభై ఏడులో మాత్రం వేలిముద్ర.
బొటనవేలు. నీలం రంగు.
చాలావాటిలో ఒకటి, ఎక్కడో ఓ పుస్తకంలో రెండు.

నేను హత్యలు చదివే మనిషిని కాను.
జనవరిలో ఓ రాత్రి పడవలాపేశారు.
రేవులోనే, బండిలోనే, దుప్పటి మీద కోటు కప్పుకుని
చేతికందిన రెండు ముద్రల పుస్తకం తెరిచాను.
ఏ పత్రికలోనూ చూడని పేరు,
అట్ట వెనక రచయిత్రి ఫోటో కూడా లేదు.
ఊళ్లో గడియారాలన్నీ ఒకే నిమిషానికి ఆగాయని
వాటిని బాగుచేసే ముసలావిడొక్కతే గమనించింది.
తెల్లారింది. పడవ హారన్ కొట్టింది.
ఇంకా పది పేజీలుంది, ఆగమన్నాను.

పిల్లలు చిటికెనవేలు పట్టుకుని నడుస్తారు,
నేను ఆ బొటనవేలు పట్టుకున్నాను.
అదే చూపించింది
బెల్జియంలో కాలవ గట్టున బొత్తాల కొట్టుని,
లిస్బన్‌లో రిటైరైన ట్రామ్ కండక్టరుని,
ఒకే పేరుతో రాసే అప్పాచెల్లెళ్లిద్దర్ని
(ఇద్దరికీ మాటల్లేవట,
అధ్యాయాలు పోస్టులో పంపుకుంటారట).
ఒక్క ముద్రవీ చదివాను, ఒకటే ఎందుకో తెలుసుకుందామని.
తెలిసింది: వంటకాలెక్కువ, అనుమానాలు తక్కువ.

ఎవరిదీ వేలు?
ఓస్లా చేతులకి ఎప్పుడూ పిండే.
రొబైనా నలభై ఏడు దాకా ఓపిక పట్టే రకం కాదు,
ముందు ఆఖరి పేజీ చూసుకుంటుంది.
ఇక గిబ్బీ, గొర్రెల గిబ్బీ, వచ్చేది హీటరు కోసం.
ఆటుపోట్ల పట్టిక తప్ప అచ్చక్షరం పడదంటాడు.
పోతూపోతూ మూడు నవలలు చంకన పెట్టి
"మా ఆవిడకి" అంటాడు.

మార్చిలో ఆవిడే వచ్చింది, అల్లికల పుస్తకానికి.
నవలలెలా ఉన్నాయన్నాను.
"నవలలా? మూడు లైన్లకే నిద్రపోతాను నేను."

గొర్రెల వీపులకి రంగు గుర్తులేసే రోజులవి.
బండిలో ఆరుగురున్నారు, టీ ఉంది,
ఆ కథల్లో అందర్నీ ఓ గదిలో కూచోబెట్టి చెబుతారే, అలా
"పుస్తకాలకి ఎవరో నీలం పూస్తున్నారు" అన్నానంతే.
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు
గిబ్బీ చెయ్యి జేబులోకి పోయింది.

నేనింకేమీ అనలేదు.
దొంగని పట్టిస్తే
రేపట్నుంచి నాకు దారి చూపించేదెవరు?

ఈమధ్య ఒకటి నేనే కనిపెట్టాను, ఎవరూ చెప్పకుండా.
కొత్త రచయిత, మొదటి పుస్తకం, లైట్‌హౌసులో తేనెటీగలు.
ఇంజను గ్రీజులో బొటనవేలు అద్ది
నలభై ఏడులో రెండు ముద్రలేసి
ఆటుపోట్ల పట్టిక పక్కన పెట్టాను.

రెండు వారాలకి తిరిగొచ్చింది.
నల్లటి రెంటి కింద నీలం.

ఒకటి.

ఒకటేనా! ఆ తేనెపట్టు విప్పే అధ్యాయం
అసలు చదివాడా?
రేవు దాకా గొణుక్కుంటూనే నడిపాను.
అడుగుదామంటే
అతను నవలలు చదవడాయె.
పడవ కదిలాక మళ్లీ మొదటి పేజీ తీశాను,
అతనికేం దొరికిందో, నాకేం దొరకలేదో అని.