ఏడిస్తే రెండొందలెక్కువ

వంశధార సముద్రంలో కలిసేకాడ
ఆ ఇసకమేటకి మా ఊళ్ళో పేరే నేదు.
ఆటు తీస్తే పైకొస్తాది, పోటెక్కితే ములిగిపోతాది,
సేపలు ఎండేసుకోడానికి కూడా పనికిరాదు.
సినిమావోళ్ళొచ్చి దాన్ని ద్వీపం అన్నారు.

కళింగపట్నం లైట్‌హౌసు పడకుండా
కెమెరా అటు తిప్పేరు.
కొబ్బరికాయ కొట్టిన రోజు బాజాలు, పులిహోర.
హీరో కారు దిగితే
గుంటలు పీతల్లాగ పరిగెత్తేరు.
లారీలోంచి కొబ్బరిసెట్లు దించేరు, ప్లాస్టిక్కువి.
ఉద్దానం పక్కనే ఉంది కద బాబూ అంటే
అవి తిన్నగా ఉంటాయి, మాకు నీళ్ళమీదకి వంగినవి కావాలన్నాడు
ఆర్టు కుర్రోడు.
తిత్లీ నాడు ఒచ్చుంటే
ఎన్ని కావాలంటే అన్ని సూపించేవోళ్ళం.

మనిషికి ఐదొందలు, టిఫిను, మద్దేనం బిరియాని.
నల్లగా ఉన్న మాకు ఇంకా నల్లరంగు పూసేరు.
నా మొగుడికి ఈకలు కట్టేరు,
అద్దంలో సూసుకుని "ఈడెవుడు" అన్నాడు.
ఆడోళ్ళందరినీ గాజులు తీసీమన్నారు. తీసేం.
గన్నెమ్మప్ప తియ్యనేదు,
మోసేతి మీదకి తోసుకుంది.

హూ హా అని అరవమన్నారు.
ఇదే భాష బాబూ అంటే ద్వీపం భాషన్నారు.
పోలమ్మత్త ఆ హూ హాల మధ్యలో
బాకీ ఎగ్గొట్టిన సేపల యాపారిని
తాతముత్తాతల్తో సహా తిట్టీసింది.
ఎవరికీ తెలనేదు.

మూడోరోజు తుఫాను.
ఫైరింజను వాన కురిపించింది.
పన్నెండుమంది కుర్రోళ్ళని తడిపి
ఇసకలో తొంగోబెట్టేరు. శవాలు.
ఆడోళ్ళు ఏడవాల,
ఏడిస్తే రెండొందలెక్కువని ఏజెంటు ఆదిబాబు సెప్పేడు.
మాకు నవ్వాగనేదు.
ఒక శవం జేబులో ఫోను మోగింది,
ఇంక సూడు.

కంట్లో ఏసుకునే మందు తెచ్చేరు.
గన్నెమ్మప్ప వద్దంది.
తిన్నగా ఎల్లి
సివరాకర తొంగున్న కుర్రోడికాడ కూకుంది,
రేషను డిపో గుంటడు, మా వీధోడు కూడా కాదు.
ఆడి తల ఒళ్ళోకి తీసుకుని
సెవిలో ఇసక సిటికినేలితో తీసింది.
తల తిప్పి, రెండో సెవిలోది కూడా.
ఆడు కితకితలకి ఆగలేక లేచి కూకున్నాడు.
కట్, కట్ అని అరిచేరు.
ఆవిడ ఆడి జబ్బ ఒగ్గనేదు.
"తొంగోరా, ఇంకా ఉంది" అంది.

ఆవిడ పెనిమిటి వేటకెల్లి తొమ్మిదేళ్ళు.
తెప్ప దొరికింది. వల దొరికింది.

రెండోసారి తీసినప్పుడు మేం నవ్వనేదు.
ఆవిడా ఏడవనేదు.
లెక్క లెక్కేనని ఐదొందలే ఇచ్చేడు ఆదిబాబు.
గుమ్మడికాయ కొట్టీసి
సెట్లు లారీకెక్కించుకుని ఎల్లిపోనారు.
ఆ రాత్రి పోటెక్కింది.

శ్రీకాకుళంలో బొమ్మ పడిన రోజు
ఒక్క ఆటోలో పద్నాలుగుమందిమి ఎల్లేం.
కటౌటుకి పోసిన పాలు
మెట్లు దిగి మా కాళ్ళకాడికి ఒచ్చేయి,
పోలమ్మత్త సీర ఎత్తిపట్టుకుని పక్కకి జరిగింది,
పాలు తొక్కకూడదని.
లోపల కాగితాలు ఎగరేసేరు.
ఏ ఈకలు ఎవడివో పోల్చుకునేలోపే
మా మొగుళ్ళు అయిపోనారు.

అప్పుడొచ్చింది.
గన్నెమ్మప్ప మొహం నేదు. సెయ్యుంది.
పైకి తోసిన గాజులు, సిటికినేలు,
తెరంత సెవి.
దానిమీద ఏడుపు.
గుండెలు బాదుకునే ఏడుపు, ఎవరిదో,
సదువుకున్న గొంతు.

"నాను ఏడవనేదు కదే" అంది నా సెవిలో.
ఇంతలో హీరో దూకేడు. హాలంతా ఈలలు.

అయినా రోజూ ఎల్లింది.
గంప సైకిలు స్టాండులో పెట్టి,
ఆ ముక్క అవగానే లేచొచ్చీసేదని
గేటుకాడ కుర్రోడు సెప్పేడు.
ఐదోరోజు బొమ్మ మారిపోయింది.
కొత్త పోస్టరుకి జిగురింకా ఆరనేదు.
ఆవిడ గంప నెత్తికెత్తుకుని
ఆ హాలు ముందునించే, ఆ వీధమ్మటే
కేకేసుకుంటూ ఎల్లింది:

కవ్వళ్ళో... కవ్వళ్ళు...

మూడో మేడ మీదోళ్ళు కూడా
కిటికీ తెరిసేరు.